బ్యాటరీ గుంటక అరగంటకే ఎందుకు ఆగిపోతుంది? మోటార్ డ్రైవర్ వేడి, దాని లెక్క

పోయిన వీడియోలో బ్యాటరీ గుంటక వేరుశనగ సాళ్ల మధ్య నడవడం చూసి చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, మేమూ ఇట్లాంటిదే కట్టుకున్నాం. అరగంట బాగా నడుస్తుంది, తర్వాత టక్కున ఆగిపోతుంది. మోటారు కాలలేదు, బ్యాటరీ దిగలేదు. ఏమైనట్టు?"

వీడియోలో దీన్ని రెండు నిమిషాల్లో చెప్పేసి ముందుకు పోయా. అది సరిపోలేదు. అందుకే ఇక్కడ లెక్కతో సహా రాస్తున్నా. ముందే ఒక మాట. నేను చదివింది అగ్రికల్చర్ డిప్లొమా, ఎలక్ట్రానిక్స్ కాదు. ఇందులో ఉన్నది కొంత చదివి, కొంత తెలిసినవాళ్లను అడిగి, మిగతాది చేలో చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. చేతులు కాల్చుకోవడం అంటే మాటవరసకు కాదు, కుడిచేతి చూపుడు వేలు మీద మచ్చ ఇంకా ఉంది.

మనం కలుపు మందు కొట్టం. కాబట్టి వేరుశనగలో కలుపు తీయడానికి మనకున్న కాలం చాలా తక్కువ. విత్తిన 20 రోజుల దగ్గర ఒకసారి, 35 నుంచి 40 రోజుల మధ్య ఇంకోసారి గుంటక పోవాలి. 45 రోజులు దాటి ఊడలు దిగడం మొదలైతే మట్టి కదిలించకూడదు, కదిలిస్తే కాయ పోతుంది. ఆ పది రోజుల్లో రెండు వానలు పడితే చేలో అడుగు పెట్టలేం. మిగిలిన నాలుగైదు రోజుల్లో కూలీలు దొరకరు, ఎద్దులు ఊరికి రెండు జతలు కూడా లేవు. అందుకే ఈ బండి కట్టా. మా చేనుకు వాడి, మిగతా రోజుల్లో గంటల లెక్కన బాడుగకు ఇవ్వొచ్చని ఆశ.

24 వోల్టుల, 350 వాట్ల గేరు మోటారు, అదే ఎలక్ట్రిక్ సైకిళ్లకు వాడేది. రెండు 12 వోల్టుల బ్యాటరీలు, గట్టు మీద ఇంకో జత. వేగం తగ్గించడానికి, పెంచడానికి బీటీఎస్ 7960 చిప్పులు రెండున్న చిన్న డ్రైవర్ బోర్డు. దాని మీద "43 ఆంపియర్లు" అని రాసి ఉంది. నా మోటారు లాగేది 18 నుంచి 20. సగం కూడా కాదు కదా, ఇంకేం భయం అనుకున్నా. ఇంటి ముందు ఐదు నిమిషాలు నడిపి చూశా, గోరువెచ్చగా కూడా కాలేదు. పక్క చేను మామకు మాటిచ్చేశా: "మూడెకరాలు రెండు రోజుల్లో చేసి పెడతా మామా, కూలీలను పిలవద్దు."

మొదటి రోజు తొమ్మిదింటికి మొదలుపెట్టా. తొమ్మిదీ నలభైకి ఆగింది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే కదిలింది. పది నిమిషాలకు మళ్లీ ఆగింది. తర్వాత ఐదు నిమిషాలకు. మధ్యాహ్నం దాకా అట్లా ఆపుతూ, వేస్తూ నడిపా. పన్నెండున్నరకు ఒక చిన్న చిటపట, ప్లాస్టిక్ కాలిన వాసన, అంతే. ఆ రాత్రి వాన పడింది. కొత్త బోర్డు వచ్చేసరికి, చేను ఆరేసరికి ఊడలు దిగాయి. ఎకరం పైన చేను కలుపులో ఉండిపోయింది. మామ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. చేతి కలుపుకి నేనే కూలీ డబ్బులు ఇచ్చా.

సరే, ఏమైందో చూద్దాం.

ముందు ఆ 43 సంగతి. ఆ అంకె రోజంతా మోయగలిగే బరువు కాదు. చిప్పు తనను తాను కాపాడుకోవడానికి "ఇంతకు మించి పోనివ్వను" అని కరెంటును అడ్డుకునే గీత, సుమారు 43 ఆంపియర్ల దగ్గర ఉంటుంది. ఎద్దుల బండికి ఇరుసు ఎంత బరువుకు విరుగుతుందో చెప్పే అంకెకూ, ఆ బండి మీద పది మైళ్లు ఎంత వేసుకుపోవచ్చో చెప్పే అంకెకూ ఉన్న తేడానే ఇక్కడా. ఆ చిన్న బోర్డు, వెనక అంటించి ఉన్న ఆ చిన్న అల్యూమినియం ముక్కతో ఎడతెరిపి లేకుండా ఎంత మోస్తుందన్నది పూర్తిగా వేడి మీద ఆధారపడి ఉంటుంది. కరెంటు దారిలో అడ్డు ఎంతుంది, పుట్టిన వేడి బయటికి పోయే దారి ఎంత వెడల్పుంది అనే రెండు విషయాలే.

అడ్డు సంగతి. ఈ చిప్పుల జతలో కరెంటు పోయే దారికి మామూలు చల్లదనంలో సుమారు 16 మిల్లీ ఓముల నిరోధం ఉంటుంది. ఓములో వెయ్యో వంతు మిల్లీ ఓము, అంటే చాలా తక్కువే. కానీ చిప్పు వేడెక్కే కొద్దీ ఈ నిరోధం పెరుగుతుంది. బాగా కాలిన చిప్పులో అది 30 మిల్లీ ఓముల దాకా పోవచ్చు. వేడి వల్ల నిరోధం, నిరోధం వల్ల ఇంకా వేడి. తొమ్మిదీ నలభై దాకా బాగా నడిచి తర్వాత పది నిమిషాలకు, ఐదు నిమిషాలకు ఆగడానికి ఇది ఒక కారణం.

పుట్టే వేడి లెక్క సులువు. కరెంటును కరెంటుతోనే గుణించి, నిరోధంతో గుణించాలి. 10 ఆంపియర్లకు, నిరోధం 25 మిల్లీ ఓములు అనుకుంటే, 10 సార్లు 10 సార్లు 0.025, అంటే రెండున్నర వాట్లు. 20 ఆంపియర్లకు ఐదు వాట్లు అనుకుంటాం కదా. కాదు, పది వాట్లు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, తర్వాత నేను చెప్పేవన్నీ దీనిలోంచే వస్తాయి.

పది వాట్లంటే ఇంట్లో ఎల్ఈడీ బల్బు అంత, అదో లెక్కా అనిపిస్తుంది. కానీ అది రెండు గోళ్లంత చోట్ల నుంచి బయటికి రావాలి. ఇక్కడ చేలో నీళ్లతో పోల్చుకోండి. మడిలోకి గంటకు ఇంత నీళ్లు వస్తున్నాయి, మరుగు కాలవ సన్నగా ఉంది. నీళ్ల మట్టం పెరుగుతుంది. మట్టం పెరిగిన కొద్దీ కాలవలోంచి పోయే నీళ్లు కూడా పెరుగుతాయి. వచ్చేదీ పోయేదీ సమానమైన మట్టం దగ్గర ఆగుతుంది. వేడి కూడా అంతే. ఆ నిలబడే మట్టమే డిగ్రీలు. కాలవ సన్నదైతే మట్టం గట్టు దాటుతుంది. ఈ చిప్పు గట్టు 150 డిగ్రీలు, అది దాటాక ఎక్కడో ఒకచోట తనంతట తాను ఆపేసుకుంటుంది.

కాలవ వెడల్పును "వాటుకు ఇన్ని డిగ్రీలు" అని కొలుస్తారు. అగ్గిపెట్టె సైజు హీట్‌సింక్, గాలి కదలని పెట్టెలో ఉంటే, వాటుకు సుమారు 8 డిగ్రీలు అనుకోండి. పది వాట్లకు 80 డిగ్రీలు పెరుగుతుంది. దేని మీద పెరుగుతుంది? పెట్టెలోని గాలి మీద. ఆగస్టులో మా దగ్గర బయట 34, 35 డిగ్రీలే ఉన్నా, ఎండలో పెట్టిన నల్ల ప్లాస్టిక్ డబ్బాలో 50 దాటుతుంది. 50, 80 కలిపితే 130, అది హీట్‌సింక్ వేడి. ఆ చిన్న బోర్డులో హీట్‌సింక్ చిప్పుకు నేరుగా అంటదు, మధ్యలో బోర్డు ఉంటుంది. కాబట్టి చిప్పు లోపల ఇంకో ఇరవై, ముప్ఫై డిగ్రీలు ఎక్కువ. ఇంక నా బండి ఎందుకు ఆగిందో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఇంటి ముందు ఐదు నిమిషాలకు ఎందుకు తెలియలేదు? ఖాళీ మడి నిండటానికి టైం పడుతుంది కాబట్టి. ఇంకోటి, ఇంటి ముందు గుంటక గాల్లో తిరిగింది, మట్టిలో కాదు. లోడు లేకపోతే మోటారు మూడు, నాలుగు ఆంపియర్లకు మించి లాగదు.

ఆగిపోయాక నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఈ చిప్పు వేడికి ఆగితే చల్లారాక కూడా తనంతట తాను మొదలవ్వదు. స్విచ్ తీసి మళ్లీ వేస్తే కాపలా గుర్తు చెరిగిపోయి మళ్లీ నడుస్తుంది. చల్లారకముందే వేసినా నడుస్తుంది. నేను చేసింది అదే, ఆ పూట ఒక ఇరవైసార్లు. కాపలావాడు గంట కొడుతుంటే నోరు మూసి మళ్లీ మళ్లీ లోపలికి తోసినట్టు. చివరికి లోపల అతుకులు ఊడి చచ్చిపోయింది.

తర్వాతి వారం నా తెలివితేటలు చూడండి. కుండకు తడి గుడ్డ చుడతాం కదా, అట్లా డబ్బాకు తడి గోనెపట్ట చుట్టా. బయట చల్లగానే ఉంది. లోపల తేమ చేరి రెండు రోజుల్లో స్క్రూల మీద పచ్చ చిలుము. అది తీసేసి డబ్బాలో ఒక ఫ్యాను పెట్టా, మూసిన డబ్బాలో. ఉడికిన గాలినే చుట్టూ తిప్పింది. అప్పుడు డబ్బాకు బెజ్జాలు కొట్టా. వేరుశనగ చేలో దుమ్ము సంగతి తెలిసిందే, మూడో రోజుకు హీట్‌సింక్ పళ్ల మధ్య ఎర్రమట్టి గోడ కట్టింది. మట్టి దుప్పటి కప్పితే చల్లదనం ఎక్కడ?

ఇక పనికొచ్చినవి.

వేడి తీసేయడం కంటే వేడి పుట్టకుండా చూడటం చవక. కరెంటు తగ్గితే వేడి దాని వర్గంలో తగ్గుతుందని చూశాం. మోటారు లాగే కరెంటు వేగం మీద కాదు, బలం మీద ఆధారపడుతుంది. గుంటక ఎంత గట్టిగా లాగాల్సి వస్తే అంత కరెంటు. నా బండి చక్రానికి 22 పళ్ల స్ప్రాకెట్ ఉండేది. సైకిల్ షాపులో పాత గేరు సైకిల్ ముందు చక్రం 32 పళ్లది దొరికింది, దాన్ని వేయించా. అదే గుంటక, అదే మట్టి. మోటారు మీద పడే బలం 32లో 22 వంతులకు తగ్గింది. 20 ఆంపియర్లు 14 దగ్గరికి వచ్చింది. వేడి పది వాట్ల నుంచి ఐదు వాట్ల లోపుకి. బండి నడక కూడా అదే వంతున తగ్గింది, గంటకు మూడు కిలోమీటర్లు నడిచేది రెండు నడుస్తుంది. మనిషి వెనక నడవడానికి అదే నయం, మొక్క తెగదు. డ్రైవర్‌ను చల్లబరిచిన మొదటి సామాను ఎలక్ట్రానిక్స్ షాపులో కాదు, సైకిల్ షాపులో దొరికిందని అందుకే అంటుంటా. స్ప్రాకెట్ మార్చేది వీడియోలో పూర్తిగా ఉంది.

రెండోది మన చేతిలో పనే, పదును. వాన పడిన రెండో రోజో మూడో రోజో, మట్టి పిడికిట్లో ముద్దయి వదిలితే విరిగే పదునులో గుంటక పోతే ఒక లెక్క, ఎండి గట్టిపడ్డాక పోతే ఇంకో లెక్క. అదే సాలులో పదునుగా ఉన్నప్పుడు 12 ఆంపియర్లు, ఎండాక 19 చూశా. బ్లేడు రెండు అంగుళాలకు మించి దిగకూడదు. వారానికోసారి ఆకురాయితో అంచు పట్టాలి. మన చేలల్లో ఇంకో చిక్కుంది, ఆచ్ఛాదన. గడ్డి, వరిచెత్త పరిచిన చోట గుంటకకు చుట్టుకుంటుంది. తిరగలేక మోటారు బిగుసుకుంటే ఆ క్షణంలో కరెంటు మామూలు కంటే మూడు, నాలుగింతలు ఎగురుతుంది. వర్గం లెక్క వేసుకోండి, పదింతల పైన వేడి. బిగుసుకుంటే యాక్సిలరేటర్ ఇంకా తిప్పి "పోతుందిలే" అనుకోవద్దు. వెంటనే వదిలి, ఆపి, చెత్త పీకి మళ్లీ నడపండి. ఆచ్ఛాదన దట్టంగా ఉన్న సాలులో అసలు గుంటక అవసరమేముంది, అక్కడ కలుపు ఎట్లాగూ తక్కువే.

ఆంపియర్ మీటరు గురించి ఒక మోసం చెప్పాలి. మీటరును బ్యాటరీ తీగ మీద పెడితే, యాక్సిలరేటర్ సగం తిప్పి నడిపేటప్పుడు అది 10 చూపిస్తుంది, మనం సంబరపడతాం. అదే సమయంలో మోటారు తీగలో 20 పోతూ ఉండొచ్చు. డ్రైవర్ కరెంటును క్షణానికి వందలసార్లు వేస్తూ ఆపుతూ వేగం తగ్గిస్తుంది. ఆపిన క్షణాల్లో బ్యాటరీ నుంచి ఏమీ రాదు, కానీ మోటారు కరెంటు డ్రైవర్ గుండానే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. డ్రైవర్‌ను కాల్చేది ఆ మోటారు కరెంటు. కాబట్టి నెమ్మదిగా నడిపితే చల్లగా ఉంటుందనే భ్రమ వద్దు. గట్టి నేలలో సగం వేగంతో ఈడ్చడం కంటే, పెద్ద స్ప్రాకెట్ వేసుకుని యాక్సిలరేటర్ నిండా తిప్పి నడపడమే డ్రైవర్‌కు సుఖం.

ఇదే సందర్భంలో వైరింగ్ తప్పు ఒకటి. ఈ బోర్డుకు వేగం చెప్పే పిన్నులు రెండు, పని చేయమని అనుమతిచ్చే పిన్నులు రెండు ఉంటాయి. మా ఊరి కుర్రాడు ఒకడు వేగం సంకేతాన్ని అనుమతి పిన్నుకు ఇచ్చాడు. నడిచింది కూడా. కానీ అట్లా ఇస్తే ఆపిన ప్రతి క్షణం చిప్పు పూర్తిగా మూసుకుపోతుంది, మోటారు కరెంటు లోపలి డయోడు గుండా దూరి పోవాలి. డయోడులో ఒక వోల్టు దాకా పోతుంది. 20 ఆంపియర్లకు ఆ కాసేపట్లోనే 20 వాట్ల వేడి! పైగా అనుమతి పోయిన ప్రతిసారీ వేడి కాపలా గుర్తు కూడా చెరిగిపోతుంది. వేగం సంకేతం వేగం పిన్నుకే ఇవ్వాలి, అనుమతి పిన్నులు రెండూ నిలకడగా ఉండాలి.

తీగలు. నేను మొదట ఇంటి వైరింగ్‌లో మిగిలిన రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వాడా. మీటరుకు 7 మిల్లీ ఓములు. బ్యాటరీ నుంచి డ్రైవర్‌కు, అక్కడి నుంచి మోటారుకు, పోనూ రానూ నాలుగు మీటర్లంటే 28. అంటే చిప్పు కంటే తీగే ఎక్కువ అడ్డం! 20 ఆంపియర్లకు తీగలోనే 11 వాట్లు. 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, బ్యాటరీని దగ్గరికి జరిపా. ఇక స్క్రూ టెర్మినళ్లు. ఈ బండి అదురుకు పది గంటల్లో వదులవుతాయి. వదులైన స్క్రూ దగ్గర పుట్టే వేడి రాగి తీగ వెంట నేరుగా బోర్డులోకి పోతుంది. తీగ చివర లగ్గు నొక్కించి, స్ప్రింగ్ వాషర్ వేసి బిగించండి. పొద్దున బ్యాటరీ ఎక్కించేటప్పుడు ఒక్కసారి స్క్రూడ్రైవర్ తిప్పి చూడటం నాకిప్పుడు పళ్లు తోముకోవడం లాంటిది.

ఇప్పుడు హీట్‌సింక్. డబ్బా మూసే ఉంచాలి, వేడి మాత్రం బయటికి రావాలి. దారి ఏమిటంటే డబ్బా పక్కకు కిటికీ కోసి, పెద్ద పళ్ల హీట్‌సింక్‌ను ఆ కిటికీకి బిగించడం. నున్నటి వైపు లోపలికి, పళ్లు బయటికి. చుట్టూ సిలికాన్. చిప్పులు లోపల, దుమ్ము తగలదు. పళ్లు బయట, గాలి తగులుతుంది. మట్టి పడితే సాయంత్రం బ్రష్షుతో దులిపితే పోతుంది. పళ్లు నిలువుగా ఉండాలి, వేడిగాలి పైకే పోతుంది కాబట్టి. అడ్డంగా పెడితే ఒక్కో పన్నూ ఒక్కో కప్పులా వేడిని ఆపుతుంది. పాత కంప్యూటర్ సామాన్ల దుకాణంలో, ఇన్వర్టర్ రిపేరు షాపుల్లో పెద్దవి కిలోల లెక్కన దొరుకుతాయి. బండి చట్రానికే నేరుగా బిగించొచ్చా అని అడిగారు. అల్యూమినియం చట్రమైతే బాగుంటుంది. ఇనుముకు వేడిని పాకించే గుణం అల్యూమినియంలో సుమారు నాలుగో వంతే, చిప్పు చుట్టూనే కాలుతుంది.

మధ్యలో వైట్ పేస్టు పలచగా, అద్దం మీద ఆవిరి పట్టినంత. అన్నంలో నెయ్యి వేసినట్టు వేస్తే అదే దుప్పటి అవుతుంది. దాని పని రెండు లోహాల మధ్య గాలి సందులు నింపడమే. ఒక జాగ్రత్త, ఈ చిప్పుల వీపు లోహం ఉత్త లోహం కాదు, దానిలో కరెంటు ఉంటుంది. రెండు చిప్పుల వీపులూ నేరుగా ఒకే అల్యూమినియానికి తగిలితే షార్టే. మధ్యలో సిలికాన్ ప్యాడ్ గానీ మైకా రేకు గానీ ఉండాలి. బిగించాక మీటరుతో చిప్పు వీపుకీ హీట్‌సింక్‌కీ మధ్య కలవడం లేదని చూసుకున్నాకే బ్యాటరీ కలపండి.

ఫ్యాను బయట, పళ్ల మీదకు ఊదేట్టు. దాని కరెంటు బ్యాటరీ నుంచి తీసుకోండి, మోటారు తీగల నుంచి కాదు. మోటారు తీగ నుంచి తీసుకుంటే నెమ్మదిగా ఈడ్చేటప్పుడు, సరిగ్గా వేడి ఎక్కువున్నప్పుడే ఫ్యాను కూడా నీరసపడుతుంది. పెద్ద పళ్ల హీట్‌సింక్, దాని మీద ఫ్యాను ఉంటే వాటుకు ఒకటిన్నర, రెండు డిగ్రీలకు వస్తుంది. ఐదు వాట్లకు పది డిగ్రీలు. బయట 35 ఉంటే 45. ఎండ నేరుగా తగిలితే ఇంకో పది వేసుకోండి. డబ్బాకు తెల్ల రంగు వేయండి, పైన చిన్న రేకు గొడుగు పెట్టండి, మోటారుకు దూరంగా హ్యాండిల్ వైపు బిగించండి. జీవామృతం డ్రమ్ము పక్కన బండి నిలపొద్దు, ఆ చుక్కలు పడిన రాగి, ఇత్తడి తొందరగా తినేస్తుంది.

ఇన్ని చేసినా మనిషి మరిచిపోతాడు. అందుకని రెండు థర్మల్ స్విచ్‌లు వేసుకోండి. గీజర్లలో, ఎలక్ట్రిక్ కుక్కర్లలో ఉండే గుండ్రటి బిళ్ల లాంటివి, మీద డిగ్రీలు రాసి ఉంటాయి. 50 డిగ్రీలకు కలిసేది ఫ్యాను తీగలో. 80 డిగ్రీలకు విడిపోయేది అనుమతి పిన్ను తీగలో, విడిపోగానే ఆ పిన్ను సున్నాకు పోయేట్టు ఒక 10 కిలో ఓముల రెసిస్టర్‌తో నెగెటివ్‌కు కట్టి. రెండూ హీట్‌సింక్‌కే బిగించాలి. 80ది మోటారు పెద్ద తీగలో వేయొద్దు, అంత కరెంటు అవి మోయలేవు, అతుక్కుపోతాయి.

దీనికంటే ముఖ్యమైనది బ్యాటరీ దగ్గర చేత్తో తిప్పే పెద్ద స్విచ్, 30 ఆంపియర్ల కారు ఫ్యూజు. ఎందుకంటే ఇలాంటి డ్రైవర్లలో చిప్పు కాలితే చాలాసార్లు తెగిపోదు, అతుక్కుపోతుంది. అంటే యాక్సిలరేటర్ వదిలినా మోటారు నిండు వేగంతో తిరుగుతూనే ఉంటుంది. ముందు బ్లేడు, వెనక మన కాళ్లు. బాడుగకు ఇచ్చేవాళ్లు ఈ స్విచ్ లేకుండా బండి గడప దాటించొద్దు. నడిపే మనిషికి బండి ఇచ్చేముందు మొదట ఆ స్విచ్ చూపించండి, తర్వాతే యాక్సిలరేటర్.

ఇంకా పెద్ద బండి కడదామనుకునేవాళ్లకు చిన్న మాట. గుంటకకు వెనక్కి తిరిగే పని లేదు. ముందుకే తిరిగితే చాలనుకుంటే నాలుగు స్విచ్‌ల డ్రైవర్ అక్కర్లేదు, ఒక వైపు నడిపే కంట్రోలర్ చాలు. నాలుగేసి మాస్‌ఫెట్‌లు పక్కపక్కనే కలిపినవి దొరుకుతాయి. ఒక్కోటి 4 మిల్లీ ఓములైతే నాలుగు కలిస్తే ఒకటి. 20 ఆంపియర్లకు అరవాటు కూడా లేదు! అయితే సగం వేగంలో దానిలోని డయోడు కాలుతుంది, కాబట్టి డయోడు కూడా హీట్‌సింక్ మీద ఉందో లేదో మూత తీసి చూసి కొనండి. లిథియం బ్యాటరీకి మారేవాళ్లు కూడా ఆగి చూసుకోవాలి. 24 వోల్టులు అని అమ్మే లిథియం నిండా ఛార్జి అయితే 29 దాటుతుంది. బీటీఎస్ 7960 పని చేసేది 27 వోల్టుల చిల్లర వరకే. "పొద్దున ఛార్జింగ్ తీయగానే నడవదు, కాసేపయ్యాక నడుస్తుంది" అని ఒకరు రాసింది ఇదే అయ్యుంటుంది.

పరీక్ష ఎట్లా చేయాలి? ఇంటి ముందు కాదు, చేలో. ఎండ ఉన్న పూట, కనీసం 45 నిమిషాలు ఆపకుండా. ఐదేసి నిమిషాలకు హీట్‌సింక్ వేడి రాసుకోండి. అంకె పెరిగి పెరిగి ఒకచోట నిలబడాలి. ముప్పావు గంటకు కూడా పెరుగుతూనే ఉంటే కాలవ చాలలేదని అర్థం. జ్వరం చూసే గన్ పనికిరాదు, అది అంత వేడి చూపించదు. యంత్రాలకు వాడే గన్ కొనండి. మెరిసే అల్యూమినియం మీద నేరుగా కొడితే అది తక్కువ చూపించి మోసం చేస్తుంది, హీట్‌సింక్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొట్టండి. గన్ లేకపోతే వేలు ఉంది. మూడు సెకన్లు ఉంచగలిగితే 55 లోపు, తాకగానే లాక్కుంటే 60 పైన. నా మచ్చ మాత్రం హీట్‌సింక్ మీద కాదు, చిప్పు మీద పెట్టినందుకు వచ్చింది.

ఈ ఏడాది నా చేలో రాసుకున్న అంకెలు: మొదలు 34, పది నిమిషాలకు 43, ఇరవైకి 48, అరగంటకు 51, ఆ తర్వాత బ్యాటరీ మార్చేదాకా 52 దాటలేదు. ఫ్యాను తీగ పీకేసి ఒకసారి చూశా, 71 దగ్గర నిలబడింది. అంటే ఫ్యాను చచ్చినా ఆ పూట పని ఆగదు.

అవి రాసుకున్న కాగితం తీసుకుని మామ దగ్గరికి పోయా. ఆయన కాగితం చూడలేదు. "ఏదీ, నడుపు" అన్నాడు. ఆయన చేలోనే ఇరవై సాళ్లు నడిపా. ఇరవయ్యో సాలు చివర ఆపమని, వచ్చి హీట్‌సింక్ మీద అరచెయ్యి పెట్టి మనసులో లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. తర్వాత తువాలుతో చెయ్యి తుడుచుకుని "సరే, రేపు పొద్దున ఆరింటికి రా. ఈసారి కూలీలను కూడా పిలుస్తున్నా, వద్దనకు" అన్నాడు.

కూలీలు సాలులో మొక్కల మధ్య కలుపు తీశారు, బండి సాళ్ల మధ్య పోయింది. మూడెకరాలు రోజున్నరలో అయింది. కిటికీ కోసి హీట్‌సింక్ బిగించేది, థర్మల్ స్విచ్‌ల వైరింగ్ పై వీడియోలో ఉన్నాయి. మీ మోటారు వాట్లు, ఎన్ని నిమిషాలకు ఆగుతోంది, వాడిన తీగ సైజు, ఈ మూడూ రాస్తే లెక్క వేసి చెబుతా.